పద్నాలుగో నంబరు టెంటులో వియ్యపురాళ్ళు

టైలరమ్మ పదకొండేళ్ళుగా టెంట్లు కుడుతోంది గానీ, ఒక్క రోజైనా టెంటులో పడుకున్న పాపాన పోలేదు.

కుట్టడమంటే కొత్తవి కుట్టడం కాదు. ఊరికి రెండు గంటల దూరంలో పెద్ద సరస్సు ఉంది. దాని చుట్టూ అడవి, ఆ అడవంతా పార్కు. అక్కడ టెంట్లు అద్దెకిచ్చే కొట్టువాళ్ళు సీజను అయిపోగానే చిరిగినవన్నీ మూటకట్టి ఈవిడ షాపుకి పంపిస్తారు. షాపంటే బస్టాపు ఎదురుగా, కళ్ళజోళ్ళవాడికీ తాళాలు చేసేవాడికీ మధ్య ఇరుక్కున్న ఒక్క గది. రెండు మిషన్లు, కత్తిరింపుల బల్ల, ఇస్త్రీపెట్టె, గోడ నిండా దారపు ఉండలు. టెంటు విప్పి పరిస్తే సగం గుమ్మం దాటి ఫుట్‌పాత్ మీదకి పోయేది. దులిపితే దాన్లోంచి ఏవేవో రాలేవి. ఎండుటాకులు, ఇసుక, ఏ పిల్లాడిదో ఒంటి సాక్సు. ఒకసారి గాలం ముల్లు గుచ్చుకుని బొటనవేలు వంకాయంత అయింది. చిరుగు చూసి అది ఎలా చిరిగిందో చెప్పేసేది ఆవిడ. "ఇది గాలికి పోయింది. ఇది మాత్రం ఎవడో జిప్పు తియ్యడానికి బద్ధకించి లాగేశాడు," అని తనలో తనే తిట్టుకుంటూ అతుకు వేసేది.

అలాంటావిడని కూతురూ అల్లుడూ కలిసి సరస్సు దగ్గరికి బయల్దేరదీశారు. రెండు రాత్రులు, టెంటు వేసుకోడానికి పద్నాలుగో నంబరు చోటు. అంతవరకూ బాగానే ఉంది. వియ్యపురాలు కూడా వస్తోందని తెలిసేసరికి టైలరమ్మకి గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది.

వియ్యపురాలు వేరే ఊళ్ళో ముప్పై రెండేళ్ళు లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. మంచి మనిషే. కోడల్ని పల్లెత్తు మాట అని ఎరగదు. కానీ ఆవిడ ఎదురుగా కూర్చుంటే టైలరమ్మకి ఎక్కం అప్పజెప్పలేక నిలబడ్డట్టు ఉండేది. పైగా మనసులో ఒక ముల్లు ఉంది. పెళ్ళికి ఆవిడ కోసం నీలం రంగు పట్టుగుడ్డతో పొడుగు కోటు కుట్టింది టైలరమ్మ. ఫోన్లో కొలతలు అడిగి రాసుకుని, పదిహేను రోజులు కూర్చుని, మెడ చుట్టూ చేత్తోనే పని చేసింది. తీరా పెళ్ళిరోజున ఆవిడ ఎప్పటిదో బూడిదరంగు బట్టల్లో వచ్చింది. కోటు ఊసే ఎత్తలేదు. టైలరమ్మా అడగలేదు. ఏడాదయింది. నేను కుట్టింది ఆవిడ కంటికి ఆనలేదు కాబోలు అనుకుని దిగమింగుకుంది.

శనివారం పొద్దున అల్లుడు ఇద్దరమ్మల్నీ కార్లో ఎక్కించుకుని బయల్దేరాడు. కూతురు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. మధ్యాహ్నం డ్యూటీ దిగగానే అల్లుడు వెనక్కి వెళ్ళి తీసుకురావాలని ఏర్పాటు. పద్నాలుగో నంబరు చోట సామాను దించుతుండగానే ఫోను మోగింది. కూతురే.

"నా బదులు రావాల్సినమ్మాయి జ్వరమని పడుకుంది. రేపు పొద్దుటిదాకా నేనే ఉండాలిట. మీరేం చేస్తారో చూసుకోండి మరి."

అల్లుడు ఫోను పెట్టేసి ఇద్దరి మొహాలూ చూశాడు. "అందరం వెనక్కి వెళ్ళిపోదామా?"

"నాదేముంది బాబూ, వదినగారు ఎలా అంటే అలా," అంది టైలరమ్మ, ఆవిడ వెళ్ళిపోదాం అంటే బాగుండునని మొక్కుకుంటూ.

"అబ్బే, నాకేం ఇబ్బంది లేదు. వదినగారికి కష్టమైతే చెప్పమనండి," అంది టీచరమ్మ. ఆవిడా అదే మొక్కుకుంటోందని అప్పుడు ఎవరికి తెలుసు?

"నాకెందుకు కష్టం, భలేవారే!"

మర్యాద కొద్దీ ఇద్దరూ అలా ఇరుక్కుపోయారు. "పోనీ నేనిక్కడే ఉండి పొద్దున్నే వెళ్ళి తెస్తాలే," అన్నాడు అల్లుడు. టీచరమ్మ ఒప్పుకోలేదు. "రాత్రంతా నిలువుకాళ్ళ మీద పనిచేసిన పిల్ల నీకోసం మెట్ల మీద కూర్చుని ఎదురుచూడాలా? వెళ్ళు. అన్నం తిన్నదో లేదో కనుక్కో. పొద్దున్న దాన్ని ముందు కాసేపు పడుకోనిచ్చి అప్పుడు తీసుకురా." ఆ మాటకి టైలరమ్మ కొంచెం మెత్తబడింది. కొంచెమే.

కారు చెట్ల మధ్యకి వెళ్ళి కనపడకుండా పోయింది. చుట్టూ ఎత్తయిన చెట్లు, ఎదురుగా ఎండకి మెరుస్తూ సరస్సు. దగ్గర్లో మనుషుల అలికిడి లేదు. ఇద్దరు వియ్యపురాళ్ళూ, సంచిలో ఆ కొట్టువాళ్ళ అద్దె టెంటూ మిగిలారు.

టీచరమ్మ సంచిలోంచి కాగితం తీసి కళ్ళజోడు పెట్టుకుంది. "ఒకటి. నేల చదునుగా ఉన్నదీ లేనిదీ చూసుకొనవలెను. రెండు. ఊచలను క్రమసంఖ్య ప్రకారము..." ఆవిడ మూడోది చదివేలోపు టైలరమ్మ గుడ్డ పరిచి, ఏ మూల ఎక్కడికి రావాలో చేత్తో తడిమి, ఊచలు దూర్చేసింది. పైకి లేపగానే టెంటు నిలబడింది. మేకులు మాత్రం ఎటు వంచి దిగ్గొట్టాలో తెలీలేదు. అప్పుడు టీచరమ్మ కాగితం మడిచి, "నలభై అయిదు డిగ్రీలు, వదినగారూ. తాడు ఇటు లాగితే మేకు అటు వాలాలి," అని రాయి తీసుకుని తనే కొట్టింది. గట్టిగానే దిగాయి.

"మీరు కూర్చోండి వదినగారూ, నేను చూసుకుంటా."

"అయ్యో, మీరు కూర్చోండి."

ఈ వరసన టీ కాచుకుని తాగేసరికి మధ్యాహ్నం రెండయింది. ఇక చెయ్యడానికి పని లేదు. పని లేకపోతే మాటలు కావాలి, మాటలు ఎక్కణ్ణుంచి తెస్తారు? కోడలు బాగుందంది ఒకావిడ, అల్లుడు బంగారమంది ఇంకో ఆవిడ. వాతావరణం కూడా అయిపోయింది.

"పడవెక్కుదామా?" అంది టీచరమ్మ ఉన్నట్టుండి.

టైలరమ్మ ఉలిక్కిపడింది. ఒడ్డున పార్కువాళ్ళ చిన్న పడవ ఒకటి కట్టి ఉంది. పద్నాలుగో నంబరుకి అది కూడా చేరే ఉందట. "మీకు నడపడం వచ్చా?"

"రాదు. కానీ చూశాను కదా, ఏముంది అందులో."

ఫోన్లు నీళ్ళలో పడతాయని టెంటులోనే పెట్టి, ఇద్దరూ నారింజరంగు లైఫ్ జాకెట్లు వేసుకుని ఎక్కారు. టీచరమ్మ తెడ్లు పట్టింది. పడవ చక్కగా గుండ్రంగా తిరిగి బయల్దేరినచోటికే వచ్చింది. మళ్ళీ తిరిగింది. మూడోసారికి టైలరమ్మ నవ్వాపుకోలేక, "వదినగారూ, ముప్పై రెండేళ్ళు బోర్డు మీద రాసిన చెయ్యి కదా, కుడి చేతికి జోరెక్కువ. ఆ ఎడమ తెడ్డు ఇలా ఇవ్వండి," అంది. పక్కపక్కన కూర్చున్నారు. టైలరమ్మ మిషను తొక్కే లెక్కన కాలు ఆడిస్తూ, దానికి తగ్గట్టు తెడ్డు వేసింది. టీచరమ్మ ఆ కాలు చూసి తనూ అందుకుంది. ఈసారి పడవ తిన్నగా పోయింది.

కూతవేటు దూరంలో చిన్న దిబ్బ ఉంది, నాలుగు చెట్లూ ఒక పెద్ద బండా. అక్కడిదాకా వెళ్ళి, దిగి, పడవని ఇసక మీదకి లాగారు. బండ మీద కూర్చుని ఫ్లాస్కులో టీ, బిస్కెట్లు. కొంగలాంటి తెల్ల పిట్ట ఒకటి నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడి వీళ్ళని పట్టించుకోలేదు. టైలరమ్మకి హాయిగానే ఉంది. పక్కనావిడ ఉన్నా కూడా, అని మనసులో అనుకుంది.

గాలి లేచింది. నీళ్ళు ఇసక మీదకి ఎక్కి దిగడం మొదలుపెట్టాయి. వీళ్ళు వెనక్కి తిరిగి చూసేసరికి పడవ ఒడ్డున లేదు. పది గజాల అవతల తాపీగా ఊగుతూ పోతోంది.

"అయ్యో, పడవ!" టైలరమ్మ ఒక్క ఉదుటున లేచింది.

"లాగినప్పుడు నేను సరిగ్గా చూడలేదు. తప్పు నాదే," అని టీచరమ్మ మరో మాట లేకుండా నీళ్ళలోకి దిగిపోయింది. కొత్తగా కొనుక్కున్న ప్యాంటు, బూట్లు, అన్నిటితో సహా. నాలుగడుగులు వేసిందో లేదో మోకాళ్ళదాకా బురదలో దిగబడింది. కాలు తియ్యబోతే రెండోది ఇంకా లోపలికి పోయింది. "వదినగారూ," అంది. ఆ గొంతులో టీచరు దర్పం లేదు.

టైలరమ్మ చేతులు ఆగలేదు. పడిపోయి ఉన్న పొడుగాటి కొమ్మ ఒకటి లాక్కొచ్చి, బండకి కాలు తన్నిపెట్టి, కొమ్మ చివర ఆవిడ చేతికి అందించింది. "కాళ్ళు లాగద్దు! ముందుకి వాలండి. నీళ్ళ మీద పడుకున్నట్టు వాలండి. జాకెట్టు తేలుస్తుంది." గట్టి గుడ్డని మిషను కిందకి లాగే చేతులవి. బురద "పుళుక్"మని ఒక కాలు వదిలింది, కాసేపటికి రెండోది. ఒక బూటు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇద్దరూ ఇసక మీద వెల్లకిలా పడి రొప్పారు. పడవ వెళ్ళి ఎక్కడో రెల్లులో ఆగింది.

ఊపిరి కుదుటపడ్డాక చూసుకుంటే, టీచరమ్మ ప్యాంటు పక్క కుట్టు నడుం దగ్గర్నుంచి తొడదాకా విడిపోయి ఉంది. ఆవిడ చేత్తో మూసుకుని మొహం తిప్పుకుంది. అన్నాళ్ళు పిల్లల్ని గడగడలాడించిన మనిషి అలా ఒదిగి కూర్చోవడం టైలరమ్మ చూడలేకపోయింది.

"ఏం ఫర్లేదు, నా దగ్గర సూది ఉంది," అని కాలరు మడత వెనక తడిమింది. అక్కడ ఎప్పుడూ ఒక సూది, దానికి చుట్టిన దారం ఉంటాయి. షాపులో కాలుమీద పడకుండా పెట్టుకున్న అలవాటు. "అటు తిరగండి. కదలకండి, గుచ్చుకుంటుంది."

రెండు కుట్లు వేసి ఆగింది. వేళ్ళతో కుట్టు వెంట తడిమి చూసింది. పదకొండేళ్ళ అలవాటు ఊరుకోనిస్తుందా?

"వదినగారూ, ఇది కొమ్మ తగిలి చిరిగింది కాదు."

టీచరమ్మ ప్యాంటు అంచు ఇంకా గట్టిగా పట్టుకుంది.

"బిగుతుకి పిగిలింది. దారం ముందే లాక్కుపోయి ఉంది. మీరు రెండు సైజులు చిన్నది కొన్నారు." జానతో నడుం కొలిచింది. మళ్ళీ కొలిచింది. "నాకు ఫోన్లో ముప్పై నాలుగని చెప్పారు. ఇది ముప్పై ఎనిమిదికి తక్కువుండదు."

గాలికి చెట్లు గలగలమన్నాయి. టీచరమ్మ సరస్సు వైపు చూస్తూ మెల్లిగా, "ముప్పై నాలుగు నా నలభయ్యో ఏట," అంది.

"ఏమిటీ?"

"మీరు ఫోను చేసిన రోజు మా చెల్లెలు పక్కనే ఉంది. దాని ముందు ముప్పై ఎనిమిది అని నోరు పెగల్లేదు. పెళ్ళి నాటికి తగ్గిపోతాననుకున్నాను. పొద్దునా సాయంత్రం నడిచాను కూడా. తీరా ఆ రోజు వేసుకోబోతే గుండీకీ కాజాకీ మధ్య బెత్తెడు దూరం. గదిలో తలుపేసుకుని పావుగంట కుస్తీ పట్టాను. అంత అందమైన కోటు! ఆ మెడ చుట్టూ పని చూసి ఏడుపొచ్చింది. లెక్కల టీచర్ని, కొలత తప్పిచ్చానని మీతో ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

టైలరమ్మ చేతిలో సూది ఆగిపోయింది. ఏడాదిగా మోస్తున్నది ఒక్కసారి ఎటు పోయిందో తెలీలేదు. ముందు చిన్నగా నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంటే ముక్కులోంచి వచ్చింది. "నాలుగంగుళాలు, వదినగారూ! ఒకటి, రెండు అయితే విప్పి వదులు చేసుకోడానికి నేనూ లోపల గుడ్డ వదిలిపెడతాను. నాలుగంటే ఇంకో మనిషి!"

"నవ్వండి, నవ్వండి," అంటూనే టీచరమ్మ కూడా అందుకుంది. బురద మొహాలతో ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. తెల్ల పిట్ట విసుక్కుని ఎగిరిపోయింది.

"నేను కుట్టింది మీకు నచ్చలేదనుకున్నా," అంది టైలరమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"నచ్చకపోవడమేమిటి వదినా! బీరువాలో వేలాడదీసుకుని రోజూ చూస్తున్నాను."

'గారు' అప్పుడే ఎక్కడో సరస్సులో పడిపోయినట్టుంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని వెతకలేదు.

కుట్టు పూర్తయ్యేసరికి ఎండ వాలింది. అవతలి ఒడ్డున ఎవరో మనిషి నడుస్తున్నాడు, పార్కు గార్డే అయ్యుండాలి. జాకెట్లకున్న ఈలలు ఊదారు. గాలి ఎదురుగా ఉంది, ఈల వీళ్ళ చెవులు దాటి పోలేదు. టైలరమ్మ ఒక జాకెట్టు కొమ్మకి కట్టి ఊపింది. అతను తల తిప్పలేదు.

"ఉండు వదినా," అంది టీచరమ్మ. బండ ఎక్కింది. ఒక కాలికే బూటుంది, జుట్టు నిండా నాచు. నడుం మీద చేతులు పెట్టుకుని, ఛాతీ నిండా గాలి పీల్చుకుంది.

"ఏయ్! ఎవరక్కడ! ఇటు చూడు!"

అది కేక కాదు. అరవై మంది పిల్లలున్న గదిలో చివరి బెంచీని నిలబెట్టే గొంతు. సరస్సు మీంచి జారుకుంటూ పోయి అవతల చెట్లకి కొట్టుకుని తిరిగొచ్చింది. అంత దూరంలోనూ ఆ మనిషి ఠక్కున ఆగిపోవడం కనపడింది. పది నిమిషాల్లో మోటారు పడవ వచ్చింది.

గార్డు నడివయసు మనిషి. దిగి, వీళ్ళ అవతారం చూసి ఏదో అనబోయాడు. టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుని అతనికేసి చూసింది. ఎందుకో అతను చేతులు కట్టుకున్నాడు.

"పడవని సగం వరకే లాగాం. పూర్తిగా పైకి లాగి రాయికి కట్టాలి. తప్పు మాదే," అంది ఆవిడ.

"ఫర్లేదు మేడం, అందరూ చేసేదే. మీ పడవ నేను తెచ్చిపెడతాను," అన్నాడతను. దారిలో టైలరమ్మని అడిగాడు, "అమ్మా, టెంట్లు కుట్టేది మీరేనా? కొట్టువాళ్ళు చెప్పారు, ఈసారి మీరొస్తున్నారని. పోయినేడు పెద్ద గాలికి పదిహేడు టెంట్లు లేచిపోయాయి. మీరు కుట్టినవి తాళ్ళు తెంపుకున్నాయి గానీ కుట్టు దగ్గర ఒక్కటీ విడలేదు."

టైలరమ్మ నోరు తెరిచేలోపే టీచరమ్మే చెప్పింది. "కొలత సరిగ్గా ఇస్తే ఆవిడ కుట్టు చచ్చినా విడదు బాబూ."

వేడినీళ్ళు కాచుకుని కాళ్ళు కడుక్కున్నారు. ఉడకేసిన బంగాళాదుంపలు, రొట్టె, ఉల్లిపాయముక్కలు. ఇంత రుచిగా ఎప్పుడూ తినలేదనుకున్నారు ఇద్దరూ. అల్లుడు ఫోను చేస్తే, "ఆ, బాగున్నాం, కాస్త పడవెక్కాం," అని టీచరమ్మ పొడిపొడిగా చెప్పి పెట్టేసింది. చీకటి పడుతూనే టెంటులో దూరి, చెరో దుప్పటీ కప్పుకుని మాట్లాడుకుంటూనే నిద్రపోయారు.

టైలరమ్మకి తెల్లారగట్ల మెలకువ వచ్చింది. మొదట ఎక్కడుందో తెలీలేదు. తలపైన గుడ్డ ఊపిరి పీల్చినట్టు లేస్తూ దిగుతోంది. సూర్యుడు వచ్చే కొద్దీ ఆకుపచ్చ గుడ్డంతా లోపల్నుంచి వెలిగింది. కొమ్మల నీడలు దాని మీద ఆడుతున్నాయి. ఇన్నేళ్ళూ ఆ గుడ్డని ఆవిడ ట్యూబ్‌లైటు కిందే చూసింది. వెలుతురు దాన్లోంచి ఇలా వస్తుందని ఎవరూ చెప్పలేదు. తన కుట్లు ఒక్కొక్కటీ సన్నటి నల్లగీతలుగా కనపడుతున్నాయి. చెయ్యెత్తి ఒకదాన్ని ముట్టుకుంది. లోపల పడుకునేవాళ్ళు రోజూ ఇది చూస్తారన్నమాట. ఆ అతుకు వెయ్యడానికి అంత తిట్టుకున్నానే, అనుకుంది.

"నిద్రపట్టిందా వదినా?" అంది పక్కనుంచి టీచరమ్మ, కళ్ళు తెరవకుండానే.

"ఎప్పుడు పట్టిందో కూడా తెలీదు. నువ్వు గురక పెట్టావు."

"నేనా? నువ్వు!"

పదకొండింటికి కారు వచ్చింది. కూతురు దిగి, అత్తగారి ఒంటికాలి బూటు చూసి, అమ్మ మోచేతి గీరు చూసి నోరు తెరిచింది. "ఏం జరిగింది?"

"ఏమీ లేదు, భోంచేసి పడుకున్నాం," అంది టైలరమ్మ.

"మరి అత్తయ్యా, ఆ బూటు?"

"ఒకటి చాల్లే," అంది టీచరమ్మ గంభీరంగా. "ముందు నువ్వు కూర్చో. కళ్ళు చూడు ఎలా పీక్కుపోయాయో. వాడు మీ ఇద్దరికీ ఇంకో టెంటు వేస్తాడు. ఒరేయ్, మేకు నలభై అయిదు డిగ్రీలు."

అల్లుడు మేకులతో తంటాలు పడుతుంటే వియ్యపురాళ్ళిద్దరూ లైఫ్ జాకెట్లు తగిలించుకుని ఒడ్డుకి నడిచారు. ఈసారి పడవ జోలికి పోలేదు. ఇసకనేల ఉన్నచోటే చూసుకుని నడుం లోతు దిగారు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, ఎండ వెచ్చగా ఉంది.

"వెనక్కి వాలు," అంది టీచరమ్మ. "నీళ్ళ మీద పడుకున్నట్టు వాలు. నేను పట్టుకుంటాగా."

టైలరమ్మ భయపడుతూనే వాలింది. చెవుల్లోకి నీళ్ళు వచ్చి లోకం సద్దుమణిగింది. ఎప్పుడూ మిషను మీదకి వంగి ఉండే వెన్ను ఎక్కడెక్కడో కటకటమని, మెల్లిగా సాపయింది. కాళ్ళు పైకి తేలాయి. భుజం దగ్గర జాకెట్టు పట్టీని టీచరమ్మ గుప్పిట బిగించి పట్టుకుని ఏదో అంటోంది, వినపడలేదు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

"వదిలేస్తున్నా!" అని మాత్రం వినపడింది.

వదిలేసింది. టైలరమ్మ తేలుతూనే ఉంది.